హైదరాబాద్‌లో హెచ్ఐవీ వైద్యం: మందు ఉచితమే, దారి మాత్రం అందరికీ ఒకటి కాదు

2023 సెప్టెంబర్ 17న తుక్కుగూడలో జరిగిన విజయభేరి సభలో కాంగ్రెస్ పార్టీ ఆరు గ్యారంటీలు ప్రకటించింది. వాటిలో ఒకటి చేయూత. వృద్ధులు, వితంతువులు, ఒంటరి మహిళలు, బీడీ కార్మికులు, డయాలసిస్ రోగులతో పాటు హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్లకూ నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తామన్నది ఆ హామీ. అప్పటికి ఆసరా కింద వస్తున్నది 2,016 రూపాయలు. ఆ పార్టీ అధికారంలోకి వచ్చాక కూడా, 2024లోనూ 2025లోనూ లబ్ధిదారుల చేతికి అందింది ఆ పాత మొత్తమే.

పింఛను గురించి మాట్లాడటం తేలిక. అది అంకె కాబట్టి అందరికీ కనిపిస్తుంది. కనిపించని సంగతులు ఇంకా ఉన్నాయి. హైదరాబాద్ మహానగరంలో ఏఆర్‌టీ మందు 20 ఏళ్లకు పైగా ఉచితంగా దొరుకుతోంది. అయినా ఆ మందు దగ్గరికి చేరే దారి జూబ్లీహిల్స్ మనిషికి ఒకలా, తుక్కుగూడ వాడలో కూలికి పోయే మనిషికి ఇంకోలా ఉంటుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుంది, ఎవరి మీద పడుతుంది, చట్టం ఏమంటుంది, కార్యకర్తలు ఏం అడగాలి అన్నవి ఈ వ్యాసంలో ఒకచోట పెడుతున్నాం.

ఒక మాట ముందే చెప్పాలి. దళితుల్లో హెచ్ఐవీ ఎక్కువని మేం చెప్పడం లేదు. వైరస్‌కు కులం తెలియదు. కులం తెలిసింది ఆసుపత్రి దారికి, పని చోటుకు, అద్దె ఇంటికి, మాట్లాడే మనిషి గొంతుకు.

అంకెలు చెబుతున్నది

మన దేశంలో హెచ్ఐవీని మొదట 1986లో మద్రాసులో గుర్తించారు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో ఏర్పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదటి నుంచీ ఎక్కువ భారం మోసిన రాష్ట్రాల్లో ఒకటి. 2005-06 నాటి మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశ సగటు 0.28 శాతం ఉంటే, ఉమ్మడి రాష్ట్రంలో 0.97 శాతంగా తేలింది.

తర్వాత తీవ్రత తగ్గింది. 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్ఐవీ ఉన్నవాళ్లు దేశంలో 0.21 శాతం, తెలంగాణలో 0.47 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అంటే తగ్గిన తర్వాత కూడా తెలంగాణ దేశ సగటుకు రెట్టింపు పైనే ఉంది. రాష్ట్రంలో హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్లు సుమారు లక్షన్నర మంది. దేశం మొత్తం మీద వీళ్లలో దాదాపు 45 శాతం మహిళలు.

ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం 2025 నాటికి 95-95-95 లక్ష్యం పెట్టింది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో 95 శాతం మందికి ఆ సంగతి తెలియాలి. తెలిసినవాళ్లలో 95 శాతం మందు మీద ఉండాలి. మందు మీద ఉన్నవాళ్లలో 95 శాతం మందికి వైరస్ అదుపులో ఉండాలి. 2022-23 నాటికి మన దేశం 79-86-93 దగ్గర ఉంది. వినడానికి బాగానే ఉంది. కానీ గుణించి చూడండి. వందమందిలో 79 మందికి తెలుసు. అందులో మందు మీద ఉన్నది 68 మంది. వైరస్ అదుపులో ఉన్నది 63 మంది. మిగిలిన 37 మంది ఎవరు? అసలు ప్రశ్న ఇదే.

అంకెలు చెప్పనిది

నాకో ప్రచురించే నివేదికల్లో రాష్ట్రం, జిల్లా, వయసు, లింగం, హైరిస్క్ గ్రూపుల వారీగా పట్టికలు ఉంటాయి. కులం పట్టిక ఉండదు. ఆ 37 మందిలో ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు, పస్మాందా ముస్లింలు ఎందరు అన్నదానికి ప్రభుత్వం దగ్గర బహిరంగంగా చూపే సమాధానం లేదు.

లెక్క ఉంటే ఏమవుతుందో అమెరికాను చూస్తే తెలుస్తుంది. అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ హెచ్ఐవీ లెక్కలను జాతుల వారీగా వెల్లడిస్తుంది. దేశ జనాభాలో నల్లజాతివాళ్లు సుమారు 12 శాతమే అయినా, 2021లో కొత్తగా బయటపడిన కేసుల్లో సుమారు 40 శాతం వాళ్లవే. ఆ అంకె వల్లే అక్కడి ఉద్యమాలు నిధులు అడగగలిగాయి, నల్లజాతి బస్తీల్లో క్లినిక్‌లు అడగగలిగాయి. అంకె సమస్యను తీర్చలేదు. సమస్య లేదనే అవకాశాన్ని మాత్రం తీసేసింది.

కులం లెక్కించడం కష్టమన్న సాకు తెలంగాణలో ఇక చెల్లదు. 2024 నవంబర్‌లో మొదలుపెట్టి ఇంటింటి సర్వే చేసి, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వమే ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ చట్టం 59 ఉపకులాలను మూడు గ్రూపులుగా చేసి అమల్లోకి వచ్చింది. ఉపకులం దాకా లెక్క తెలిసిన రాష్ట్రం, మందు మానేసినవాళ్లు ఏ సామాజిక వర్గంవాళ్లో మాత్రం తెలియదనడం కుదరదు.

అయితే ఈ డిమాండ్‌లో ప్రమాదం ఉందని మన ఉద్యమంలోనే కొందరు అంటారు. ఆ భయం న్యాయమైనది. రేపు ఒక పేపరు "దళితవాడల్లో హెచ్ఐవీ" అని శీర్షిక పెడితే, ఇప్పటికే ఉన్న అంటరానితనానికి ఇంకో పేరు దొరుకుతుంది. అందుకే అడగాల్సింది ఎవరికి వచ్చిందన్న లెక్క కాదు, ఎవరికి వైద్యం అందలేదన్న లెక్క. పరీక్ష ఆలస్యమైనవాళ్లు, మందు మధ్యలో ఆగినవాళ్లు, వైరల్ లోడ్ పరీక్ష జరగనివాళ్లు సామాజిక వర్గాల వారీగా ఎంత శాతమో జిల్లా స్థాయి మొత్తాలుగా చెబితే చాలు. ఊరి పేరు, వాడ పేరు బయటికి రాకూడదు. అప్పుడు వేలు రోగి వైపు కాకుండా వ్యవస్థ వైపు చూపుతుంది.

వైద్యం ఎలా నడుస్తుంది

2004 ఏప్రిల్ 1న దేశంలో 8 ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. తీవ్రత ఎక్కువున్న 6 రాష్ట్రాలను, ఢిల్లీని అప్పుడు ఎంచుకున్నారు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మొదట్లో సీడీ4 కణాలు బాగా పడిపోయిన తర్వాతే మందు ఇచ్చేవారు. 2017 ఏప్రిల్ 28 నుంచి ఆ షరతు పోయింది. పరీక్షలో పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, సీడీ4 ఎంతున్నా మందు ఇవ్వాలి. 2018 ఫిబ్రవరి 26 నుంచి వైరల్ లోడ్ పరీక్ష కూడా ఉచితం. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది టీఎల్‌డీ. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఈ మాత్ర రోజుకు ఒకటి వేసుకోవాలి.

ఆపకుండా వాడితే మనిషి అందరిలాగే పని చేసుకుంటూ నిండు జీవితం బతకవచ్చు. రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గితే లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి సోకదు. తల్లికి వైద్యం లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. వైద్యం అందితే 5 శాతం లోపే. ఈ నాలుగు మాటలు ప్రతి వాడలో, ప్రతి హాస్టల్‌లో తెలియాలి. భయాన్ని తగ్గించేది ఉపన్యాసం కాదు, ఈ సమాచారం.

మందు ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుంది. మధ్యమధ్యలో మానేస్తుంటే మందుకు లొంగని రకం తయారవుతుంది. టీబీ తగులుకుంటుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ల మరణాలకు టీబీయే ప్రధాన కారణం. గాలి ఆడని ఒంటిగది ఇళ్లలో ఐదారుగురు ఉండే కుటుంబాలకు ఈ ముప్పు ఎక్కువ. ఇల్లు ఎలాంటిదన్నది మన సమాజంలో కులాన్ని బట్టి ఎంతగా నిర్ణయమవుతుందో చెప్పనక్కర్లేదు.

తుక్కుగూడ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా

ఒకప్పుడు పల్లె అయిన తుక్కుగూడ ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు, శ్రీశైలం రహదారి కలిసేచోటు. పక్కనే రావిర్యాల, ఆ వైపు శంషాబాద్ విమానాశ్రయం. లారీలు ఆగుతాయి, వెంచర్లు లేస్తాయి, కట్టడం పనికి పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి మనుషులు వస్తారు. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం లారీ డ్రైవర్లను, వలస కూలీలను ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన వర్గాలుగా ఎప్పటినుంచో చెబుతోంది.

హైదరాబాద్‌లో పేరున్న ఏఆర్‌టీ కేంద్రాలు ఉస్మానియా, గాంధీ, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రుల్లో ఉన్నాయి. తుక్కుగూడ నుంచి అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియాకు సుమారు 20 కిలోమీటర్లు. ఎర్రగడ్డ ఇంకా దూరం. మందు ఉచితం. అయితే ఓపీ వేళకు వెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది. అడ్డా మీద నిలబడే మనిషికి నెలకు ఒక రోజు పోవడమంటే కూలి పోవడంతో ఆగదు. ప్రతినెలా ఒకే తేదీన ఎక్కడికి పోతున్నావని మేస్త్రీ అడుగుతాడు. ఏం చెప్పాలి? నెల జీతం ఉద్యోగికి సెలవు ఉంటుంది, డబ్బున్న మనిషికి ప్రైవేటు డాక్టరు ఉంటాడు. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూలి మనిషికే వస్తుంది.

2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం వల్ల మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు ఆర్టీసీ బస్సు చార్జీ భారం తగ్గింది. ఇది ఆరోగ్య పథకం కాకపోయినా ఏఆర్‌టీకి వెళ్లే మహిళలకు నేరుగా పనికొచ్చింది. పోయిన కూలి మాత్రం అలాగే ఉంది. స్థిరంగా ఉన్నవాళ్లకు ఒకేసారి మూడు నెలల మందు ఇచ్చే పద్ధతి కోవిడ్ కాలంలో బాగా వాడుకలోకి వచ్చింది. దానివల్ల ఏడాదికి 12 ప్రయాణాలు 4 అవుతాయి. నిల్వలు సరిగా ఉంటేనే ఇది సాధ్యం. 2022 జూలైలో మందుల కొరత మీద ఢిల్లీలో నాకో కార్యాలయం ముందు హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్లు నెలకు పైగా ధర్నా చేయాల్సి వచ్చింది. ఆ విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. కొరత వచ్చినప్పుడు వారం రోజుల మందు ఇచ్చి మళ్లీ రమ్మంటే, మొదట జారిపోయేది దూరం నుంచి వచ్చే కూలి మనిషే.

దగ్గరలో కేంద్రం పెడితే సరిపోతుందా? అదీ పూర్తి సమాధానం కాదు. సొంత ఊరి పక్కన కేంద్రం ఉంటే తెలిసినవాళ్లు చూస్తారని చాలామంది కావాలనే దూరం వెళతారు. దూరం ఒక శిక్ష, అదే దూరం ఒక ముసుగు కూడా. కాబట్టి అడగాల్సింది రెండూ: దగ్గరలో వైద్యం ఉండాలి, ఏ కేంద్రానికి వెళ్లాలో ఎంచుకునే స్వేచ్ఛ ఉండాలి. 2024లో మహేశ్వరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఆ కాలేజీకి అనుబంధంగా ఏఆర్‌టీ సేవలు ఏ రూపంలో ఉంటాయన్నది ఈ ప్రాంత సంఘాలు అధికారులను అడగవలసిన మొదటి ప్రశ్న.

మహిళలు, జోగినులు

మహిళల్లో చాలామందికి గర్భిణిగా ఉన్నప్పటి పరీక్షలోనే సంగతి తెలుస్తుంది. ఇంట్లో మొదట బయటపడింది ఆమె పేరే కాబట్టి, రోగం తెచ్చింది ఆమే అన్న నింద కూడా ఆమె మీదే పడుతుంది. భర్త పోతే అత్తింటి నుంచి గెంటేస్తారు. ఆస్తి లేని ఇంట్లో ఉన్న ఆ ఒక్క గది కూడా పోతుంది.

ఇందులో మరీ అడుగున ఉన్నది జోగినులు. 1988లోనే చట్టం నిషేధించిన ఈ దురాచారంలో మాల, మాదిగ ఆడపిల్లలనే దేవత పేరు చెప్పి ఊరికి వదిలారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో వీళ్లు 80 వేల మంది ఉంటారని రఘునాథరావు ఏకసభ్య కమిషన్ అంచనా వేసింది. పాలమూరు, నిజామాబాద్ వైపు నుంచి బతుకుదెరువుకు హైదరాబాద్ చేరిన జోగిని ఏఆర్‌టీ కేంద్రం రికార్డులో జోగినిగా ఉండదు. సెక్స్ వర్కర్‌గానో, మామూలు మహిళగానో ఉంటుంది. ఆమెను అక్కడికి తెచ్చిన కులం ఆ కాగితంలో కనిపించదు.

ట్రాన్స్‌జెండర్లు

2021 నాటి జాతీయ నిఘా సర్వేలో హెచ్ఐవీ తీవ్రత మహిళా సెక్స్ వర్కర్లలో 1.85 శాతం, పురుషులతో సంబంధమున్న పురుషుల్లో 3.26 శాతం, హిజ్రా, ట్రాన్స్‌జెండర్లలో 3.78 శాతం, ఇంజెక్షన్ మత్తుమందులు వాడేవాళ్లలో 9.03 శాతం. ఈ వర్గాలకు ఆసుపత్రి వరుసలోనే అవమానం మొదలవుతుంది. ఆడవాళ్ల వరుసా, మగవాళ్ల వరుసా అన్న ప్రశ్న దగ్గరే వెనక్కి తిరిగిపోయేవాళ్లు ఉన్నారు.

2021 జనవరిలో హైదరాబాద్ నారాయణగూడలో దేశంలోనే మొదటి ట్రాన్స్‌జెండర్ క్లినిక్ మిత్ర్ మొదలైంది. ట్రాన్స్‌జెండర్లే అక్కడ సిబ్బందిగా ఉండేవారు. అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచిన ఆ క్లినిక్, 2025 జనవరి 20న ఆ దేశం విదేశీ సాయం ఆపేయగానే మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఇందులో పాఠం ఏమిటంటే, మన నగరంలో అందరికన్నా ఎక్కువ అవసరం ఉన్నవాళ్ల క్లినిక్ మన బడ్జెట్‌లో లేదు. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే నారాయణగూడలో తలుపు మూసుకుంది.

2023 జూలైలో తెలంగాణ హైకోర్టు నిజాం కాలపు నపుంసకుల చట్టాన్ని కొట్టేసి, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని ఆదేశించింది. పింఛను గురించి మాట్లాడే ప్రతిచోటా ఈ తీర్పును గుర్తుచేయాలి.

పారిశుధ్య కార్మికులు

నగరం చెత్త ఎత్తేవాళ్లలో అత్యధికులు దళితులు. ఇళ్ల నుంచి, చిన్న క్లినిక్‌ల నుంచి చెత్తలో కలిసి వచ్చే సూదులు వీళ్ల చేతులకే గుచ్చుకుంటాయి. హెచ్ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యిలో మూడు. తక్కువే, కానీ దాన్ని కూడా ఆపే మందు ఉంది. దాని పేరు పెప్. వీలైతే 2 గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆసుపత్రి డాక్టరుకు ఈ సంగతి తెలుసు. తెల్లారకముందే చీపురు పట్టే కార్మికురాలికి ఎవరు చెప్పారు? కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి సూది గుచ్చుకుందని చెప్పడానికే భయపడితే ఆ 72 గంటలు ఎలాగో గడిచిపోతాయి.

చట్టం ఇచ్చిన హక్కులు

హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. కార్యకర్తలకు పనికొచ్చే అంశాలు ఇవి:

- ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, ఏ విషయంలోనూ వివక్ష చూపకూడదు (3వ సెక్షన్).
- చెప్పి, ఒప్పుకున్న తర్వాతే పరీక్ష చేయాలి (5). అనుమతి లేకుండా సంగతి బయటపెట్టకూడదు (8).
- సోకే ముప్పున్న పని చోట్ల యజమాని రక్షణ పరికరాలు, శిక్షణ, పెప్ మందు ఇవ్వాలి (19). పారిశుధ్య సంఘాలు పట్టుకోవాల్సిన సెక్షన్ ఇదే.
- వంద మందికి పైగా ఉన్న సంస్థలో, 20 మందికి పైగా ఉన్న వైద్య సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి (21).
- రాష్ట్రం అంబుడ్స్‌మన్‌ను నియమించాలి (23). ఫిర్యాదుపై 30 రోజుల్లో, అత్యవసర వైద్యమైతే 24 గంటల్లో ఆదేశం ఇవ్వాలి.
- మహిళలను, పిల్లలను ఉన్న ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు (29).
- హెచ్ఐవీ వల్ల తల్లిదండ్రులు బాధ్యతలు చూసుకోలేని ఇంట్లో 12 నుంచి 18 ఏళ్ల అక్కో అన్నో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు బడి, బ్యాంకు లాంటి పనులకు సంరక్షకులుగా ఉండవచ్చు (32).
- కోర్టులో పేరు దాచి కేసు నడపమని అడగవచ్చు (34).

ఇదే చట్టం 14వ సెక్షన్‌లో ప్రభుత్వం వైద్యాన్ని "సాధ్యమైనంత వరకు" అందించాలని ఉంది. హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్ల సంఘాలు బిల్లు దశలోనే దీన్ని వ్యతిరేకించాయి. ఆ రెండు మాటలు ప్రభుత్వానికి తప్పించుకునే సందు ఇస్తున్నాయన్న వాదనతో మేమూ ఏకీభవిస్తున్నాం.

కులం, హెచ్ఐవీ రెండూ కలిసి వివక్షగా మారినచోట ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఉంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, దళితులను ఆసుపత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి రానివ్వకపోవడం నేరం. సామాజిక బహిష్కరణ నేరం. ఉచిత న్యాయ సహాయానికి ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయ పరిమితి లేదు.

ఉద్యోగాల విషయంలో మన హైకోర్టు చట్టం కంటే ముందే దారి చూపింది. హెచ్ఐవీ ఉందన్న కారణంతో పోలీసు ఉద్యోగం నిరాకరించడం చెల్లదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. పోటీ పరీక్షలు రాసే మన విద్యార్థులు ఈ తీర్పు తెలుసుకుని ఉండాలి.

మనం అడగవలసినవి

సమాచార హక్కు దరఖాస్తుతో మొదలుపెట్టవచ్చు. రంగారెడ్డి, హైదరాబాద్ జిల్లాల్లో ఎన్ని ఏఆర్‌టీ, లింక్ ఏఆర్‌టీ కేంద్రాలు ఉన్నాయి? గత మూడేళ్లలో మందు మధ్యలో ఆగినవాళ్లు ఎందరు? ఎందరికి మూడు నెలల మందు ఇస్తున్నారు? ఏయే ఆసుపత్రుల్లో 21వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుల అధికారి ఉన్నారు? పారిశుధ్య కార్మికులకు ఏటా ఎన్నిసార్లు పెప్ ఇచ్చారు? వ్యక్తుల వివరాలు అడగకుండా మొత్తాలే అడిగితే, గోప్యత పేరుతో తిరస్కరించే వీలుండదు.

దాంతో పాటు నాలుగు డిమాండ్లు. వైద్యం అందని లెక్క సామాజిక వర్గాల వారీగా ప్రకటించాలి. ఆదివారమో, సాయంత్రమో కూలి పోకుండా మందు తీసుకునే వేళలు పెట్టాలి. ట్రాన్స్‌జెండర్ క్లినిక్‌ను రాష్ట్ర బడ్జెట్ మీద నిలబెట్టాలి. తుక్కుగూడలో మాట ఇచ్చిన 4,000 రూపాయల పింఛను, లబ్ధిదారు సంగతి ఊరికి తెలియకుండా నేరుగా ఖాతాలో వేయాలి.

వాడల్లో పనిచేసే మిత్రులకు ఇంకొక్క మాట. ఎవరికి ఉందో కనిపెట్టడం మన పని కాదు. అడగాలనుకున్న మనిషికి ఎక్కడ అడగాలో తెలిసేలా చేయడం మన పని. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 ఉచితం. ఆ నంబరు కమ్యూనిటీ హాలు గోడ మీద, హాస్టల్ నోటీసు బోర్డు మీద, కూలి అడ్డాల దగ్గర రాసి పెడితే, ఎవరూ ఎవరినీ అడగకుండానే ఒక తలుపు తెరుచుకుంటుంది.